సొంత కంప్యూటర్‌లో వెబ్ సర్వర్

వెబ్‌సైట్ నడవాలంటే రెండు యంత్రాలు మాట్లాడుకోవాలి. ఫలానా పేజీ కావాలని ఒకటి అడుగుతుంది, రెండోది తీసి పంపుతుంది. అడిగేది బ్రౌజర్. అది చేతిలో ఫోన్‌లోనో, బల్లమీది కంప్యూటర్‌లోనో ఉంటుంది. పంపేది సర్వర్. అది ముంబైలోనో సింగపూర్‌లోనో ఏదో ఒక డేటా సెంటర్‌లో ఉంటుంది. సైట్ ఇంకా తయారీలో ఉండగా ఈ రెండు పనులూ ఒకే కంప్యూటర్ చేత చేయించే ఏర్పాటును లోకల్ ఎన్విరాన్‌మెంట్ అంటారు. అడిగేదీ అదే, పంపేదీ అదే. మధ్యలో ఇంటర్నెట్‌తో పనిలేదు.

విజయవాడ ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టే పని షెడ్డులోనే జరుగుతుంది. చెక్కపని, రేకుపని, వెల్డింగు, రంగు అన్నీ ముగిశాకే బండి బెంజ్ సర్కిల్ దగ్గర హైవే ఎక్కుతుంది. రోడ్డు మీద నిలబెట్టి బోల్టులు బిగించరు. సైట్‌కు కూడా అలాంటి షెడ్డు ఒకటి కావాలి. అక్కడ తప్పు చేసినా కొనుగోలుదారు కంటపడదు. మార్చిన ఫైలును సేవ్ చేసి బ్రౌజర్‌లో రిఫ్రెష్ కొడితే ఫలితం వెంటనే తెలుస్తుంది. వైఫై పోయినా, మొబైల్ డేటా కోటా సాయంత్రానికే అయిపోయినా పని ఆగదు.

చెన్నై నుంచి కోల్‌కతా వెళ్ళే 16వ నంబరు జాతీయ రహదారి, పుణె నుంచి మచిలీపట్నం వెళ్ళే 65వ నంబరు రహదారి కలిసే చోటు బెంజ్ సర్కిల్. అక్కడి నుంచి బందరు రోడ్డు పట్టుకుని తూర్పుకు వెళ్తే పటమట, ఆటోనగర్, ఆ పైన కానూరు వస్తాయి. 1977లో మొదలైన వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల కానూరులోనే ఉంది. ఈ దారి పొడుగునా ఒకవైపు సైట్ అవసరమున్న దుకాణాలు, ఇంకోవైపు సైట్ తయారుచేయడం నేర్చుకుంటున్న విద్యార్థులు. అందుకని ఉదాహరణ కూడా ఇక్కడిదే తీసుకోవచ్చు. లారీ విడిభాగాలు అమ్మే ఒక దుకాణం. క్లచ్ ప్లేట్లు, బ్రేక్ లైనింగులు, కమాన్ కట్టలు, వాటి ధరలు, ఏది ఎన్ని ఉన్నాయో లెక్క. సైట్‌లో ఉండాల్సింది ఇంతే.

మొదటి పేజీని నోట్‌ప్యాడ్‌లో రాసి, ఆ ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. మరి సర్వర్ ఎందుకన్న సందేహం ఇక్కడే వస్తుంది. అలా తెరిచినప్పుడు పైనున్న అడ్రస్ పట్టీలో హెచ్‌టీటీపీ అని కాక ఫైల్ అని ఉంటుంది. అంటే బ్రౌజర్ ఎవరినీ అడగలేదు, డిస్కులో ఉన్నదాన్ని తానే తీసి చదువుకుంది. బొమ్మలూ రాతా ఉన్నంతవరకు అది చాలు. ధరల పట్టిక డేటాబేస్ నుంచి రావలసి వచ్చేసరికి చాలదు. పీహెచ్‌పీ అనే భాషలో రాసిన ఫైలును ఇలా తెరిస్తే లెక్క జరగదు, రాసిన కోడే కనిపిస్తుంది. జావాస్క్రిప్ట్ ఒక ఫైలు నుంచి ఇంకో ఫైలును రప్పించబోతే, భద్రత కోసం బ్రౌజరే అడ్డుకుంటుంది. కాబట్టి కంప్యూటర్‌లో ఒక సర్వర్ పెట్టుకోక తప్పదు.

సర్వర్ ఒక్కటే సరిపోదు. అడిగిన పేజీ అందించే సాఫ్ట్‌వేర్, ఆ పేజీని అప్పటికప్పుడు తయారుచేసే భాష, సరుకు వివరాలు దాచే డేటాబేస్, ఈ మూడూ ఒకదానితో ఒకటి కుదరాలి. అపాచీ సర్వర్, పీహెచ్‌పీ భాష, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మూడూ 1995లోనే పుట్టాయి. లైనక్స్‌తో కలిపి ఈ జట్టుకు లాంప్ అన్న పేరు 1998లో ఒక జర్మన్ కంప్యూటర్ పత్రికలో మైకేల్ కుంజే రాసిన వ్యాసంతో స్థిరపడింది. అప్పట్లో వీటిని విడివిడిగా దించుకుని, ఒకదానికొకటి పరిచయం చేయడానికే రోజులు పట్టేది. 2002లో అపాచీ ఫ్రెండ్స్ అనే జర్మన్ బృందం వీటన్నిటినీ ఒకే ఇన్‌స్టాలర్‌లో కట్టి ఎక్సాంప్ పేరుతో ఉచితంగా ఇచ్చింది. విండోస్ కంప్యూటర్లలో వెబ్ నేర్చుకునేవాళ్ళు ఇప్పటికీ ఎక్కువగా దీనితోనే మొదలుపెడతారు. వాంప్‌సర్వర్, లారగాన్ కూడా ఇదే పని చేస్తాయి.

పీహెచ్‌పీ పాతబడిందన్న మాట తరచూ వినిపిస్తుంది. కానీ వర్డ్‌ప్రెస్ నడిచేది దాని మీదే. వికీపీడియాను నడిపే మీడియావికీ కూడా పీహెచ్‌పీలో రాసిందే. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దాని దశాబ్ది ఉత్సవాలు 2014 ఫిబ్రవరిలో విజయవాడలోనే, కాకరపర్తి భావనారాయణ కళాశాలలో జరిగాయి. అంత పెద్ద విజ్ఞాన సర్వస్వాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌ను హాస్టల్ గదిలోని ల్యాప్‌టాప్‌లో, ఇదే ఎక్సాంప్ మీద ఉచితంగా పెట్టుకుని విప్పి చూడవచ్చు. సొంత సైట్ మొదలుపెట్టడానికి ముందు ఆ పని చేసినవాళ్ళకు చాలా సంగతులు తెలుస్తాయి.

ఈ పనికి కొత్త కంప్యూటర్ అక్కర్లేదు. 4 జీబీ ర్యామ్ ఉన్న పాత యంత్రం మీద కూడా ఎక్సాంప్ నడుస్తుంది. ఇన్‌స్టాలర్ సుమారు 150 ఎంబీ. దాన్ని అపాచీ ఫ్రెండ్స్ సొంత సైట్ నుంచే దించుకోవాలి. వెతికితే వచ్చే మిగతా డౌన్‌లోడ్ సైట్లలో అసలు సరుకుతో పాటు అక్కర్లేనివి కూడా అంటుకొస్తాయి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు విండోస్ అనుమతుల గురించి ఒక హెచ్చరిక కనిపిస్తుంది. దాని సారాంశం ఒక్కటే: ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్లో పెట్టవద్దని. సి డ్రైవ్‌లో నేరుగా ఎక్సాంప్ అనే ఫోల్డర్ చాలు. ఫైర్‌వాల్ అనుమతి అడిగినప్పుడు ప్రైవేట్ నెట్‌వర్క్‌కు మాత్రమే ఒప్పుకోవాలి. కాలేజీ వైఫై, హాస్టల్ వైఫై ప్రైవేట్ కిందికి రావు.

ఇన్‌స్టాల్ అయ్యాక కంట్రోల్ ప్యానెల్ తెరుచుకుంటుంది. అపాచీ, మైఎస్‌క్యూఎల్ పేర్ల పక్కన స్టార్ట్ బటన్లు ఉంటాయి. నొక్కగానే పేర్ల వెనక ఆకుపచ్చ రంగు వచ్చి, పక్కన కొన్ని అంకెలు కనిపిస్తాయి: అపాచీకి 80, 443, మైఎస్‌క్యూఎల్‌కు 3306. ఇప్పుడు బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని కొడితే ఎక్సాంప్ స్వాగత పేజీ వస్తుంది. లోకల్‌హోస్ట్ అంటే ఈ యంత్రమే. దాని అంకెల చిరునామా 127.0.0.1. 127తో మొదలయ్యే చిరునామాలన్నీ ప్రపంచంలో ఏ కంప్యూటర్‌కైనా తనను తాను పిలుచుకోవడానికే కేటాయించారు. ఆ పిలుపు వైర్ల దాకా పోదు. కేబుల్ పీకేసి చూసినా పేజీ వస్తుంది. నమ్మకం కుదరనివాళ్ళు పీకి చూడవచ్చు.

పక్కన కనిపించిన అంకెలు పోర్టులు. ఒకే కంప్యూటర్‌లో పదిరకాల సాఫ్ట్‌వేర్లు నెట్‌వర్క్ పని చేస్తుంటాయి. వచ్చిన అభ్యర్థన ఎవరికి చేరాలో ఈ అంకె చెబుతుంది. ఒక పోర్టును ఒకసారి ఒక్కరే పట్టుకోగలరు. అపాచీ ఆకుపచ్చగా మారకుండా వెంటనే ఆగిపోతే నూటికి తొంభై పాళ్ళు 80ని ఇంకెవరో ముందే పట్టుకుని ఉంటారు. కింద ఎర్ర అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంటుంది. కొత్తవాళ్ళు దాన్ని చదవకుండా సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు. మళ్ళీ అదే జరుగుతుంది. ఆ సందేశంలో పీఐడీ 4 అని ఉంటే పోర్టు విండోస్ చేతిలోనే ఉందని అర్థం. చాలాసార్లు అది విండోస్ సొంత వెబ్ సర్వర్. సర్వీసెస్ జాబితాలో వరల్డ్ వైడ్ వెబ్ పబ్లిషింగ్ సర్వీస్ అని ఉంటే దాన్ని ఆపాలి. లేదంటే అపాచీ సెట్టింగుల ఫైలులో లిజన్ 80 అని ఉన్న వరుసను 8080గా మార్చాలి. అప్పుడు బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ పక్కన కోలన్ పెట్టి 8080 అని కూడా కొట్టాలి.

ఇక సైట్ ఫైళ్ళు ఎక్కడ పెట్టాలో చూడాలి. సి డ్రైవ్‌లో ఎక్సాంప్, అందులో హెచ్‌టీడాక్స్. అపాచీ బయటికి చూపించేది ఈ హెచ్‌టీడాక్స్‌లో ఉన్నదాన్నే. దాంట్లో దుకాణం పేరుతో ఒక ఫోల్డర్ చేసి, ఇండెక్స్ అనే పీహెచ్‌పీ ఫైలు పెడితే, లోకల్‌హోస్ట్ పక్కన గీత గీసి ఆ పేరు కొట్టగానే పేజీ వస్తుంది. ఫోల్డర్ పేరులో ఖాళీలు వద్దు, పెద్ద అక్షరాలు వద్దు. పెద్ద అక్షరాల సంగతి సైట్ నెట్‌లోకి ఎక్కేటప్పుడు మళ్ళీ ఎదురవుతుంది.

మొదటి రోజే సరిచేసుకోవలసింది ఒకటుంది, చాలామంది పట్టించుకోరు. ఎక్సాంప్ జర్మనీ నుంచి వచ్చింది గనుక పీహెచ్‌పీ సెట్టింగుల ఫైలులో కాలమానం యూరప్, బెర్లిన్ అని ఉంటుంది. విజయవాడలో ఉదయం 10 గంటలకు రాసిన అమ్మకం చలికాలంలో అయితే 5.30కి, వేసవిలో అయితే 6.30కి జరిగినట్టు పీహెచ్‌పీ నమోదు చేస్తుంది. దుకాణం షట్టరే ఎత్తని వేళకు బిల్లు పడుతుందన్నమాట. అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు లోడు దిగితే తేదీయే ఒకరోజు వెనక్కి పోతుంది. పీహెచ్‌పీ ఐఎన్‌ఐ అనే ఫైలులో టైమ్‌జోన్ వరుసను ఏషియా, కోల్‌కతా అని మార్చి, అపాచీని ఆపి మళ్ళీ నడిపితే సరిపోతుంది.

ఇక డేటాబేస్. కంట్రోల్ ప్యానెల్‌లో మైఎస్‌క్యూఎల్ అని రాసి ఉన్నా, 2015 నుంచి ఎక్సాంప్‌లో నిజంగా ఉండేది మరియాడీబీ. మైఎస్‌క్యూఎల్‌ను తయారుచేసిన మాంటీ వైడేనియస్ పెద్ద కూతురి పేరు మై, చిన్న కూతురి పేరు మరియా. 2008లో మైఎస్‌క్యూఎల్ సన్ కంపెనీకి, 2010లో సన్‌తో పాటు ఒరాకిల్‌కు వెళ్ళింది. ఆ మధ్యలో 2009లో ఆయన అదే కోడ్ నుంచి మరియాడీబీని వేరు చేశాడు. నేర్చుకునేవాళ్ళ స్థాయిలో రెండింటికీ తేడా కనపడదు.

డేటాబేస్‌ను బ్రౌజర్‌లోనే చూసుకోవడానికి పీహెచ్‌పీమైఅడ్మిన్ ఉంది. అందులో దుకాణం పేరుతో డేటాబేస్ తెరిచి, సరుకు అనే పట్టిక తయారుచేసి, వస్తువు పేరు, ధర, నిల్వ అని గడులు పెట్టాలి. ఎక్సాంప్‌లో రూట్ అనే యూజర్‌కు పాస్‌వర్డ్ ఉండదు. సొంత కంప్యూటర్‌లో సౌకర్యం కోసం అలా వదిలారు. ఇదే కారణంగా ఎక్సాంప్‌ను ఎప్పుడూ బయటి సర్వర్‌గా వాడకూడదు. దాన్ని తయారుచేసినవాళ్ళే ఆ మాట చెబుతారు.

పట్టికలో మొదటి తెలుగు పేరు, కమాన్ కట్ట అని రాయగానే అసలు పరీక్ష మొదలవుతుంది. ఇంగ్లీషు పాఠాలు చూసి నేర్చుకున్నవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే, ఎందుకంటే ఆ పాఠాల్లో ఈ ఇబ్బంది రాదు. కంప్యూటర్ దాచేది బైట్లను. ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలు. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలున్న ఒక భాగం కేటాయించారు. ఇప్పుడు వెబ్ అంతటా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో అందులోని ప్రతి గుర్తుకూ 3 బైట్లు పడతాయి. తెలుగు అనే మాటనే చూడవచ్చు. చదివేవారికి మూడక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఆరు గుర్తులు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. డిస్కు మీద 18 బైట్లు. పీహెచ్‌పీలో మాట పొడవు చెప్పే పాత ఫంక్షన్ స్ట్ర్‌లెన్‌ను అడిగితే 18 అంటుంది. ఎంబీ అని మొదలయ్యే దాని జంట ఫంక్షన్ 6 అంటుంది. వస్తువు వివరణను మొదటి 100 బైట్ల దగ్గర కోసి చూపించాలనుకుంటే, కత్తి ఒక గుర్తు మధ్యలో పడి చివర నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం ఉన్న చిహ్నం రావచ్చు. 100ను 3తో భాగిస్తే శేషం మిగులుతుంది మరి.

తెలుగు సరిగా దిగాలంటే మూడు చోట్ల ఒకే మాట మీద ఉండాలి. పేజీ తాను యూటీఎఫ్-8 అని చెప్పాలి. పీహెచ్‌పీ డేటాబేస్‌తో కలిసేటప్పుడు ఆ కనెక్షన్‌లోనూ అదే చెప్పాలి. పట్టిక కూడా దాన్నే వాడాలి. మైఎస్‌క్యూఎల్ స్వీడన్‌లో పుట్టింది గనుక దాని పాత ఏర్పాటు లాటిన్ అక్షరాలకు, స్వీడిష్ అక్షర క్రమానికి ఉండేది. యూటీఎఫ్8ఎంబీ4 దానంతటదే వచ్చేలా మార్చింది 2018లో, 8.0తో. పాత పట్టికలో తెలుగు రాస్తే వచ్చే జబ్బులు రెండు రకాలు. వరసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే పట్టిక ఆ అక్షరాలను లోపలికి తీసుకోలేక పారేసిందని అర్థం. అవి ఇక తిరిగి రావు, మళ్ళీ టైపు చేయాల్సిందే. అలా కాక, నెత్తిన గీతలూ చుక్కలూ ఉన్న యూరప్ అక్షరాలు బారుగా కనిపిస్తే బైట్లు భద్రంగానే ఉన్నాయి, చదివే పద్ధతి తప్పిందంతే. సరైన పద్ధతిలో చదివిస్తే తెలుగు తిరిగొస్తుంది. ఈ తేడా తెలియక రెండో రకం వచ్చినప్పుడు కూడా పట్టిక చెరిపేసుకునేవాళ్ళున్నారు.

పట్టికకు యూటీఎఫ్8 అని కాక యూటీఎఫ్8ఎంబీ4 అని ఎంచుకోవాలి, దానికి కారణం ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో మొదటిది 3 బైట్ల దగ్గరే ఆగిపోతుంది. తెలుగుకు అది సరిపోతుంది కానీ ఎమోజీకి 4 బైట్లు కావాలి. సరుకు బాగుందని కొనుగోలుదారు పెట్టిన బొటనవేలు బొమ్మ దగ్గర ఆ పట్టిక మొరాయిస్తుంది.

విజయవాడకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. ఏలూరు రోడ్డు పుస్తక ప్రచురణకు పేరుపడ్డ చోటు. నగరంలోని డీటీపీ కేంద్రాల్లో దశాబ్దాలుగా అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో పని జరుగుతోంది. ఆ ఫాంట్లలో కంప్యూటర్ దాచుకునేది తెలుగు కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చోబెట్టిన తెలుగు ముక్కలు. దుకాణదారు కరపత్రం వేయించిన చోటి నుంచి ధరల జాబితా ఫైలు తెచ్చి ఇస్తే, సైట్‌లో అతికించగానే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలుగా మారుతుంది. దానికి సర్వర్‌లో మందు లేదు. ముందే యూనికోడ్‌లోకి మార్చే సాధనంతో మార్పించి, ఒత్తులు ఒకసారి కళ్ళతో చూసుకుని అప్పుడు పట్టికలోకి ఎక్కించాలి.

వెతుకులాటలో ఇంకో కిటుకు దాగి ఉంటుంది. సాఫ్ట్‌వేర్ అన్న మాటను తెలుగులో టైపు చేసేటప్పుడు ట, వ కలిసి ఒత్తుగా మారకుండా మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటి పెడతారు. దానికీ 3 బైట్లే. క్లచ్‌ప్లేట్ అని కలిపి రాసినప్పుడూ ఆ గుర్తు ఉంటుంది. ఒకరు ఆ గుర్తుతో, ఇంకొకరు అది లేకుండా టైపు చేస్తే డేటాబేస్ లెక్కలో అవి రెండు వేర్వేరు మాటలు కావచ్చు. వెతికినప్పుడు సరుకు ఉండి కూడా లేదంటుంది. పోల్చే ముందు ఆ గుర్తును తీసేసే చిన్న ఏర్పాటు చేసుకోవాలి. ఇలాంటివన్నీ సొంత కంప్యూటర్‌లో ఉండగానే బయటపడాలి.

ఫాంట్ కూడా కంప్యూటర్‌లోనే ఉండడం మంచిది. గూగుల్ ఫాంట్స్ నుంచి ప్రతిసారీ రప్పిస్తే నెట్ లేనప్పుడు పేజీ రూపు మారిపోతుంది. సిలికానాంధ్ర విడుదల చేసిన యూనికోడ్ ఫాంట్లలో మండలి ఒకటి. 1975లో హైదరాబాద్‌లో మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు నడిపించిన దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు పేరు దానికి పెట్టారు. లైసెన్సు స్వేచ్ఛగా ఇచ్చినదే కాబట్టి దించుకుని సైట్ ఫోల్డర్లోనే పెట్టుకోవచ్చు.

డేటాబేస్ నడుస్తుండగా కరెంటు పోతే డెస్క్‌టాప్ వాడేవాళ్ళకు ప్రమాదమే. మళ్ళీ స్టార్ట్ నొక్కితే మైఎస్‌క్యూఎల్ ఊహించని విధంగా ఆగిపోయిందన్న ఎర్ర వాక్యం వస్తుంది. అప్పుడు మొదట చేయవలసింది ఎక్సాంప్‌లో మైఎస్‌క్యూఎల్ కింద ఉన్న డేటా ఫోల్డర్ మొత్తాన్ని వేరేచోటికి కాపీ చేసుకోవడం. ఆ తర్వాతే వైద్యం. నెట్‌లో దొరికే చిట్కాల్లో ఐబీడేటా1 అనే ఫైలు చెరిపేయమని కొందరు రాస్తారు. పట్టికల ప్రాణం చాలావరకు అందులోనే ఉంటుంది, దాని జోలికి పోకూడదు. పీహెచ్‌పీమైఅడ్మిన్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కి వారానికోసారి నకలు తీసుకునేవాళ్ళకు ఈ బాధ లేదు. ఆ నకలు అదే బల్లమీది పెన్‌డ్రైవ్‌లో ఉంటే సరిపోదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి అజిత్ సింగ్ నగర్ వైపు ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి. అలాంటప్పుడు కంప్యూటర్, పెన్‌డ్రైవ్ కలిసే మునుగుతాయి.

కోడ్ విషయంలో ఈ భయం తీర్చేది గిట్. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో దాన్ని రాశాడు. ప్రతి మార్పునూ తేదీతో సహా గుర్తుపెట్టుకుని, కావాలంటే వెనక్కి తీసుకెళ్తుంది. దాన్నే గిట్‌హబ్ అనే సైట్‌కు పంపితే ఇంకో ఊళ్ళో ఒక ప్రతి ఉన్నట్టే. డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైలును మాత్రం పంపకూడదు. గిట్‌ఇగ్నోర్ అనే ఫైలులో దాని పేరు రాస్తే గిట్ దాన్ని వదిలేస్తుంది. రాయడానికి ఎడిటర్‌గా 2015లో మైక్రోసాఫ్ట్ విడుదల చేసిన వీఎస్ కోడ్ ఉచితం. కోడ్ రాయడానికి నోట్‌ప్యాడ్‌తో కుస్తీ పట్టనక్కర్లేదు.

పీహెచ్‌పీ కాక జావాస్క్రిప్ట్‌తో పనిచేసేవాళ్ళకు 2009లో వచ్చిన నోడ్ కావాలి, ఎల్‌టీఎస్ అని ఉన్న ప్రతిని తీసుకోవాలి. దాని ప్రాజెక్టుల్లో నోడ్ మాడ్యూల్స్ అనే ఫోల్డర్ వేల ఫైళ్ళతో ఉబ్బిపోతుంది. స్నేహితుడికి ఇవ్వడానికి దాన్ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తూ గంట కూర్చోవడం వృథా. ప్యాకేజీ జేసన్ అనే చిన్న ఫైలు ఇస్తే చాలు, అవతలి కంప్యూటర్ మిగతావి తానే తెచ్చుకుంటుంది. పైథాన్‌తో జాంగో అనే ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్ళు ప్రతి ప్రాజెక్టుకూ విడిగా వెన్వ్ అనే లైబ్రరీల ఏర్పాటు తయారుచేసుకోవాలి, లేకపోతే ఒకదాని లైబ్రరీలు ఇంకోదాన్ని చెడగొడతాయి. పైథాన్ ఇన్‌స్టాలర్ మొదటి తెరలో అడుగున పాత్‌లో చేర్చమంటారా అనే గడి ఉంటుంది. దాన్ని టిక్ చేయకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో పైథాన్ అని కొట్టినప్పుడు అలాంటి ఆజ్ఞ తెలియదని విండోస్ చెప్పవచ్చు. సాఫ్ట్‌వేర్ ఉంది, ఎక్కడుందో విండోస్‌కు తెలియదు. పాత్ అంటే అది వెతికే ఫోల్డర్ల జాబితా.

ఆటోనగర్ దుకాణంలో సరుకు కొనేవాళ్ళు సైట్‌ను చూసేది ఫోన్‌లోనే. కాబట్టి ఫోన్‌లో పరీక్షించాలి. ఫోన్‌లో లోకల్‌హోస్ట్ అని కొడితే రాదు, అక్కడ ఆ మాటకు అర్థం ఆ ఫోనే. రెండూ ఒకే వైఫై మీద ఉండాలి. కంప్యూటర్‌లో ఐపీకాన్ఫిగ్ అని కొడితే సాధారణంగా 192.168తో మొదలయ్యే చిరునామా చూపిస్తుంది. దాన్ని ఫోన్ బ్రౌజర్‌లో కొట్టాలి. పేజీ వస్తుంది కానీ, దుకాణానికి దారి చూపించే బటన్ కంప్యూటర్‌లో పనిచేసి ఫోన్‌లో పనిచేయకపోవచ్చు. లొకేషన్, కెమెరా లాంటివాటికి బ్రౌజర్లు తాళం గుర్తున్న హెచ్‌టీటీపీఎస్ అడుగుతాయి. లోకల్‌హోస్ట్‌కు మాత్రమే మినహాయింపు ఇస్తాయి. అది కోడ్ తప్పు కాదు.

లోకల్‌హోస్ట్ బదులు దుకాణం పేరుతో చిరునామా కావాలంటే విండోస్‌లో హోస్ట్స్ అనే ఫైలులో 127.0.0.1 ఎదురుగా ఆ పేరు రాయాలి. పేరు చివర డాట్ టెస్ట్ అని ఉండాలి. 1999లోనే దాన్ని పరీక్షల కోసం పక్కన పెట్టారు. డాట్ దేవ్ అని పెట్టుకున్నవాళ్ళు 2017 డిసెంబరులో క్రోమ్ 63 రాగానే ఇబ్బందిపడ్డారు. ఆ పేర్లన్నిటికీ హెచ్‌టీటీపీఎస్ తప్పనిసరి చేయడంతో రాత్రికి రాత్రే వాళ్ళ లోకల్ సైట్లు తెరుచుకోవడం మానేశాయి.

చివరికి సైట్ సర్వర్‌కు ఎక్కుతుంది. ఇంట్లో నడిచింది అక్కడ నడవకపోవడానికి ఎక్కువసార్లు కారణం కోడ్ కాదు, రెండు యంత్రాల మధ్య తేడా. సర్వర్లలో ఎక్కువ భాగం లైనక్స్. విండోస్‌కు ఫైలు పేరులో పెద్ద ఎల్, చిన్న ఎల్ ఒకటే. లైనక్స్‌కు వేరు. ఫైలు పేరు పెద్ద ఎల్‌తో లోగో అని ఉండి, కోడ్‌లో చిన్న ఎల్‌తో రాస్తే ఇంట్లో బొమ్మ కనిపిస్తుంది, సర్వర్‌లో మాయమవుతుంది. రెండో తేడా ప్రతుల్లో. పాత ల్యాబ్ పుస్తకాల్లో మైఎస్‌క్యూఎల్ కనెక్ట్ అనే ఫంక్షన్ ఉంటుంది. 2015 డిసెంబరులో వచ్చిన పీహెచ్‌పీ 7.0 నుంచే దాన్ని తొలగించారు. దాన్ని నడిపించడానికి పాత ఎక్సాంప్ వెతికి పెట్టుకోవడం కన్నా మైఎస్‌క్యూఎల్ఐ గానీ పీడీవో గానీ నేర్చుకోవడం నయం. హోస్టింగ్ కంపెనీ ఏ పీహెచ్‌పీ ఇస్తుందో ముందే అడిగి, కంప్యూటర్‌లో అదే పెట్టుకోవాలి.

ఈ తేడాలను మొదటినుంచే తప్పించుకునే దారులూ ఉన్నాయి. 2016 నుంచి విండోస్‌లోనే లైనక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ ఉంది. 2013లో వచ్చిన డాకర్‌తో సర్వర్‌లో ఉండబోయే పీహెచ్‌పీ, డేటాబేస్, సెట్టింగులను ఒక ఫైలులో రాసిపెడితే, ఏ కంప్యూటర్‌లోనైనా అదే ఏర్పాటు లేస్తుంది. విండోస్‌లో డాకర్‌కు బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి ఉండాలి. 8 జీబీ ర్యామ్ లేకపోతే యంత్రం నీరసిస్తుంది. నలుగురు కలిసి చేసే పనికి డాకర్ తగినది. ఒక్కరు మొదటి సైట్ నేర్చుకునేటప్పుడు ఎక్సాంపే సుఖం.

సర్వర్‌కు ఎక్కించే ముందు పీహెచ్‌పీ తప్పులను పేజీ మీద చూపించే ఏర్పాటు ఆపేసి, అవి లాగ్ ఫైలులోకి మాత్రమే పోయేలా మార్చాలి. లేకపోతే ఫోల్డర్ల దారులు, పట్టికల పేర్లు బయటివాళ్ళకు కనిపిస్తాయి. రూట్ వదిలేసి, సైట్‌కు అవసరమైనంత అధికారమే ఉన్న విడి యూజర్‌ను, గట్టి పాస్‌వర్డ్‌ను పెట్టాలి. డేటాబేస్‌ను ఇంటి నుంచి ఎక్స్‌పోర్ట్ చేసి అక్కడ ఇంపోర్ట్ చేశాక, మొదట తెరవవలసింది ఏదో ఒక తెలుగు పేరున్న వస్తువు పేజీ. కమాన్ కట్ట ఉన్నదున్నట్టు వస్తే అక్షరాల సంగతి అక్కడితో తేలిపోయినట్టే. ఆ తర్వాత కాలమానం, ఫైలు పేర్లు, లొకేషన్ బటన్ వరసగా చూసుకుని, డొమైన్‌ను కొత్త సర్వర్ వైపు తిప్పాలి. ఆ మార్పు అందరి ఫోన్లకూ చేరడానికి కొన్ని నిమిషాల నుంచి ఒకటి రెండు రోజుల దాకా పట్టవచ్చు.